రేడియో స్టేషన్‌లో పరమాణు పాఠం

హాస్య నాటికను చూసి నవ్వుకోవాలి గాని, అందులో ఫిజిక్సు వెతకడమేమిటని మా హాస్టల్ మిత్రులు నన్ను వేళాకోళం చేస్తుంటారు. వెతికితే దొరికింది మరి! దొరికినదాన్ని దాచుకోవడం విద్యార్థి లక్షణం కాదు గనుక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

అమెరికాలో సీబీఎస్ టెలివిజన్ సంస్థ 1978 నుంచి 1982 దాకా ‘డబ్ల్యు.కె.ఆర్.పి. ఇన్ సిన్సినాటి’ అనే ధారావాహికను ప్రసారం చేసింది. మొత్తం 90 భాగాలు. సృష్టికర్త హ్యూ విల్సన్. అట్లాంటా నగరంలోని ఒక రేడియో స్టేషన్ వాతావరణాన్ని దగ్గరగా చూసి ఈ కథ అల్లాడు. కథాస్థలం ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి. అక్కడ ఓ రేడియో స్టేషన్ నష్టాల్లో కూరుకుపోయి ఉంటుంది. జోలపాటల్లాంటి సంగీతం మానేసి రాక్ సంగీతం వెయ్యాలని కొత్త ప్రోగ్రాం డైరెక్టరు పట్టుబడతాడు. మన ఆకాశవాణి సర్కారు సొమ్ముతో నడుస్తుంది. వాళ్లది ప్రకటనల మీద బతికే స్టేషన్. ప్రకటన రాకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. అసలు తమాషా ఏమంటే, స్టేషన్ నష్టాల్లో ఉంటేనే పన్ను కలిసొస్తుందని యజమానురాలి ఆలోచన! పాపం, పనిచేసేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఇక పాఠానికి వద్దాం. 1981లో ప్రసారమైన ఒక భాగంలో, స్టేషన్ ఊడ్చి తుడిచే ఆమె కొడుకు చదువు మానేసి వీధి ముఠాలో తిరుగుతుంటాడు. వీనస్ ఫ్లైట్రాప్ అనే అనౌన్సరు (నటుడు టిమ్ రీడ్) వాడితో పందెం కాస్తాడు. రెండు నిమిషాల్లో పరమాణువు సంగతి బోధపరిస్తే వాడు మళ్లీ బడికి వెళ్లాలి. వీనస్ పుస్తకం తియ్యడు. పేటలు, ముఠాలు, సరిహద్దులు అంటూ వాడి భాషలోనే మొదలుపెడతాడు. నడిబొడ్డున రెండు ముఠాలు, అవి ప్రోటాన్లు, న్యూట్రాన్లు. బయట చుట్టూ తిరిగే ముఠా ఎలక్ట్రాన్లు. మధ్యలో ఉన్నదంతా ఖాళీ వీధులు. కుర్రాడికి ఇట్టే అర్థమైపోతుంది.

ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేసి చూశాను. పరమాణువు వ్యాసం కేంద్రకం వ్యాసానికి సుమారు లక్ష రెట్లు. కేంద్రకాన్ని 5 మిల్లీమీటర్ల కందిగింజ అనుకుంటే పరమాణువు వ్యాసం అర కిలోమీటరు అవుతుంది. అంటే కందిగింజ చుట్టూ 48 ఎకరాల పైచిలుకు నేల! ఊళ్లో మా చేను నాలుగెకరాలు. పక్కవాళ్ల చేలన్నీ కలుపుకుంటే తప్ప ఒక్క పరమాణువు పట్టదు. బరువంతా ఆ గింజలోనే ఉంటుంది. ఒక్క ప్రోటాను ఎలక్ట్రానుకు 1836 రెట్లు బరువు. కనుక ‘ఖాళీ వీధులు’ అన్నమాట అక్షరాలా నిజం. అయితే ఎలక్ట్రాను గట్టుమీద కాపలావాడిలా ఒకే దారిన తిరగదు. ఎక్కడుండే అవకాశం ఎంత అని మాత్రమే చెప్పగలం. పోలిక గుమ్మందాకా తీసుకొస్తుంది. లోపలికి గణితం చెయ్యి పట్టుకునే వెళ్లాలి.

ఇదే ధారావాహికలో 1978 నాటి మరో భాగం ఉంది. థాంక్స్‌గివింగ్ పండుగ ప్రచారం కోసం స్టేషన్ మేనేజరు హెలికాప్టర్‌నుంచి బతికున్న టర్కీ కోళ్లను వదిలిస్తాడు. అవి సిమెంటు బస్తాల్లా కింద పడతాయి. అవి ఎగురుతాయనే తాను నమ్మానంటాడు పాపం! అడవి టర్కీ ఎగురుతుంది. మాంసం కోసం పెంచిన టర్కీ ఎగరలేదు. పక్షి కొలతలన్నీ రెట్టింపైతే రెక్కల వైశాల్యం 4 రెట్లు, బరువు 8 రెట్లు పెరుగుతాయి. ఆ బరువును రెక్కలెలా మోస్తాయి? పైలటుకు కబురు పెట్టేముందు కోళ్లు పెంచే రైతును ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ స్టేషన్‌లో పందుల మార్కెట్ ధరలు చదివే వార్తాహరుడు కూడా ఉన్నాడు. వాణ్ణీ అడగలేదు!

ఇదంతా నవ్వులాటకు రాయడంలేదు. మా పెదనాన్నగారి అబ్బాయి తొమ్మిదో తరగతిలో చదువు ఆపేసి ట్రాక్టరెక్కాడు. సైన్సు బుర్రకెక్కదని వాడిమీద అందరూ వేసిన ముద్ర. మొన్న వేసవిలో చేలో కూర్చుని వాడికి కందిగింజ లెక్క చెప్పాను. కాసేపు ఊరుకుని, “అన్నా, ఒకే రకం ఆవేశాలు తోసుకుంటాయన్నావు. మరి ప్రోటాన్లన్నీ ఆ గింజలో ఎట్లా ఇమిడి కూర్చున్నాయి?” అన్నాడు. మా క్లాసులో అరవైమందిమి ఉన్నాం, ఆ ప్రశ్న ఎవరమూ అడగలేదు. విద్యుత్ వికర్షణను మించిన కేంద్రక బలం ఉందనీ, అది అతి తక్కువ దూరంలోనే పనిచేస్తుందనీ చెప్పాను. “అంటే దగ్గరగా ఉంటేనే పట్టు” అన్నాడు. అంతకంటే బాగా నేను పరీక్షలో రాయలేదు.

వాడు ఇంకా ట్రాక్టర్ మీదనే ఉన్నాడు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టమంటే “పంట చేతికొచ్చాక చూద్దాం” అన్నాడు. పుస్తకాలు మాత్రం తెచ్చి ఇమ్మన్నాడు, ఇచ్చాను. బుర్రకెక్కనిది సైన్సు కాదు, మనం చెప్పే భాష. సోదర విద్యార్థులారా, సంక్రాంతి సెలవులకు అందరం ఊళ్లకు పోతాం. ఒక్కొక్కరం ఒక్క పాఠం, అవతలివాడికి తెలిసిన మాటల్లో చెప్పివద్దాం. అధ్యాపకులు మార్కులు వెయ్యకపోవచ్చు, అవతలివాడు అడిగే ప్రశ్నే మన మార్కు.