కొల్లేరు పరిసర ప్రాంత పశువులలో కండరాంతర టీకా: సురక్షిత విధానం

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాలలోను, కొల్లేరు లంక గ్రామాలలోను వరిసాగు, చేపల పెంపకంతో పాటు గేదెల పాడి అనేక కుటుంబాలకు ఆధారం. బుడమేరు, తమ్మిలేరు నీరు కొల్లేటికి చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. వానాకాలంలో నీరు పొంగినపుడు పశువులు గట్లపై ఇరుకుగా, తడిలో నిలువవలసి వస్తుంది. ఈ ఒత్తిడి పాస్చురెల్లా మల్టోసిడా వలన కలిగే గొంతువాపు వ్యాధికి అనుకూలం. ఆవులకంటే గేదెలకు ఈ వ్యాధి ఎక్కువగా సోకుతుంది. తీవ్రమైనపుడు ఒకటి రెండు రోజులలోనే పశువు మరణిస్తుంది. గాలికుంటు వ్యాధిలో పెద్ద పశువుల మరణాలు తక్కువైనా పాలదిగుబడి బాగా పడిపోతుంది.

గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నివారణకు 2019 సెప్టెంబరులో జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైంది. అయితే టీకా అందుబాటులో ఉండటం ఒక ఎత్తు, అది సరైన కణజాలంలోకి చేరటం మరొక ఎత్తు. టీకా వేసిన చోట ఒక్క గేదెకు చీముగడ్డ ఏర్పడినా, మరుసటి విడతలో ఆ వీధి రైతులు పశువులను తీసుకురావడానికి వెనుకాడతారు. కావున సూది వేసే విధానం విస్తరణ శాస్త్రవేత్తల శిక్షణలో ప్రధానాంశం కావలెను.

కండరంలోకే ఎందుకు?

గాలికుంటు టీకాలలో అధికభాగం నూనె ఆధారితమైనవి. నూనెలోని ప్రతిజనకం కండరంలో నిల్వ ఉండి నెమ్మదిగా విడుదలవుతూ రోగనిరోధక శక్తిని ప్రేరేపిస్తుంది. మందు చర్మం క్రిందనే నిలిచిపోతే గడ్డ కట్టే అవకాశం ఎక్కువ. అయితే అన్ని టీకాలకూ ఇదే మార్గం వర్తించదు. పటికతో తయారైన గొంతువాపు టీకాను చర్మం క్రింద వేయవలెను. నూనెతో తయారైన వాటిని సాధారణంగా లోతుగా కండరంలోకి వేస్తారు. మోతాదు, మార్గం రెండింటినీ సీసాపైనున్న లేబులు చూచి నిర్ణయించవలెను.

శీతల శృంఖల

టీకాను 2–8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయవలెను. పడవపై లంక గ్రామాలకు తీసుకొనిపోవునపుడు ఐస్ ప్యాకులున్న పెట్టెను నీడలో ఉంచవలెను. వేడి ఎంత హానికరమో గడ్డకట్టడమూ అంతే హానికరం. సీసాలు మంచుకు నేరుగా తగలకుండా మధ్యలో కాగితమో గుడ్డో ఉంచవలెను. గడ్డకట్టి కరిగిన నూనె టీకాలో పొరలు విడిపోతాయి. అటువంటి సీసాను వాడకూడదు. వాడబోయే ముందు సీసాను నెమ్మదిగా కదిపి కలపవలెను.

పశువును సిద్ధపరచుట

ఆరోగ్యంగా ఉన్న పశువులకే టీకా వేయవలెను. జ్వరం, నీరసం ఉన్నవాటిని, నిండుచూలుతో ఉన్నవాటిని పశువైద్యుని నిర్ణయానికి వదలవలెను. ఉదయపు చల్లని వేళ అనుకూలం. కాలువలో పొర్లి వచ్చిన గేదె మెడపై బురద ఉంటే సూదితో పాటు మలినం లోనికి పోతుంది. కావున గేదెలను కాలువకు తోలకముందే టీకా ముగించడం మేలు. బురద ఉన్నచో కడిగి, చర్మం పూర్తిగా ఆరనివ్వవలెను. పశువును ట్రెవిస్‌లో గాని, గుంజకు తల దగ్గరగా కట్టి గాని కదలకుండా నిలపవలెను.

స్థానం, విధానం

మెడ ప్రక్కన త్రికోణాకారపు కండరభాగం అనువైనది. దానికి పైన మెడ స్నాయువు, క్రింద వెన్నుపూసలు, వెనుక భుజపు అంచు హద్దులుగా ఉంటాయి. తుంటిలో వేస్తే నాడికి గాయమై కాలు కుంటుపడే ప్రమాదం ఉన్నందున ఆ స్థానాన్ని వదలివేయవలెను.

1. పెద్ద పశువులకు 16 లేదా 18 గేజి, 1 నుండి 1½ అంగుళాల సూది సరిపోతుంది. దూడలకు, మేకలకు ఇంతకంటే పొట్టి, సన్నని సూది వాడవలెను.
2. ప్రతి పశువుకు కొత్త సూది వాడవలెను. మందు తీయడానికి సీసా మూతలో వేరొక సూదిని ఉంచవలెను. పశువుకు వాడిన సూదిని సీసాలో గుచ్చరాదు.
3. సిరంజిలోని గాలిని తొలగించి, సూదిని విడిగా తీసుకొని, చర్మానికి లంబంగా, ఒకే ఊపులో పూర్తి లోతుకు దింపవలెను.
4. సూదికి సిరంజిని అమర్చి పిడిని కొద్దిగా వెనుకకు లాగవలెను. రక్తం వస్తే తీసివేసి, కొత్త సూదితో మరొక చోట వేయవలెను.
5. మందును నెమ్మదిగా ఎక్కించి, కొన్ని క్షణాలు ఆగి సూదిని తీయవలెను.

తరువాతి జాగ్రత్తలు

పశువును కనీసం అరగంట గమనించవలెను. వణుకు, అధికంగా చొంగ కారడం, ఊపిరి ఆడకపోవడం తీవ్ర ప్రతిచర్యకు సూచనలు. పశువైద్యుడు వెంటనే అడ్రినలిన్ ఇవ్వవలసి ఉంటుంది. స్వల్ప వాపు, ఒకటి రెండు రోజులు పాలు తగ్గడం సహజమని రైతుకు ముందే చెప్పవలెను. రక్షణ ఏర్పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందువలన గొంతువాపు టీకాను వరదలు వచ్చాక కాక, తొలకరికి ముందే వేయించవలెను. గాలికుంటు టీకా మొదటిసారి వేసిన దూడలకు సుమారు నెల తరువాత బలవర్ధక మోతాదు అవసరం. చెవిపోగుపైనున్న 12 అంకెల సంఖ్యను, టీకా బ్యాచి సంఖ్యను తప్పక నమోదు చేయవలెను.

సిబ్బంది భద్రత

నూనె టీకా పొరపాటున వ్రేలిలోకి గుచ్చుకుంటే, పరిమాణం స్వల్పమైనా తీవ్రమైన వాపుతో రక్తప్రసరణ ఆగి వ్రేలినే కోల్పోయే ప్రమాదం ఉంది. నొప్పి తక్కువగా ఉన్నదని ఆగక, టీకా లేబులుతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను. నాలుగు నుండి ఎనిమిది నెలల పెయ్యదూడలకు చర్మం క్రింద వేసే బ్రూసెల్లా టీకాలో సజీవ సూక్ష్మజీవులు ఉంటాయి. అవి మనిషికి సోకగలవు. అందుచేత చేతితొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. వాడిన సూదులకు తిరిగి మూత పెట్టక, గట్టి డబ్బాలో వేయవలెను.

ముగింపు

టీకా తరువాత వ్యాధి కనిపించినపుడు మందు నాణ్యతను మాత్రమే శంకించడం పరిపాటి. నిల్వ, స్థానం, లోతు, మోతాదు, సమయం అనే ఐదు అంశాలను కూడా అదే శ్రద్ధతో పరిశీలించవలెను. కృషి విజ్ఞాన కేంద్రాలు, రైతు సేవా కేంద్రాలు తొలకరికి ముందు ఈ ఐదింటిపై చేతితో చేయించే శిక్షణ నిర్వహించినచో టీకా ఫలితం, రైతు విశ్వాసం రెండూ నిలుస్తాయి.