బీర్‌స్మిత్ ఇప్పుడే తెరవకు

ఆష్‌బర్న్, వర్జీనియా

చి. తమ్ముడికి,

నీ మెసేజ్ చూశాను. బీర్ రెసిపీల జాబితా ఖాళీగా కనిపించేసరికి కంగారుపడి, వాటిని దాచే బీర్‌స్మిత్ సాఫ్ట్‌వేర్‌ని మూసి తెరుస్తూ కూర్చుని ఉంటావు. ఇక ఆపు. తెరవగానే అది ఫైళ్లను మెమొరీలోకి చదువుకుంటుంది, ఆ తర్వాత మెమొరీలో ఉన్నదాన్నే ఫైల్లో తిరగరాస్తుంది. చదివింది ఖాళీ అయితే రాసేదీ ఖాళీయే. మీరిద్దరూ ఆ ఫైళ్లను డ్రాప్‌బాక్స్‌లో పంచుకుంటున్నారు కదా, ఆ ఖాళీని అది బుద్ధిగా మీ రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కీ మోసుకెళ్తుంది.

ముందు రెండు ల్యాప్‌టాప్‌లలోనూ బీర్‌స్మిత్‌ని మూసి, డ్రాప్‌బాక్స్ సింక్ ఆపండి. డేటా ఫోల్డరు మొత్తం, పాడైన ఫైళ్లతో సహా, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. పాడైందే కదా అని ఏదీ పారెయ్యకు, అందులో సగం రెసిపీలు బతికే ఉండొచ్చు. ఇప్పుడు రెసిపీల ఫైలు సైజు చూడు. సున్నా అయితే అందులో వెతికి లాభం లేదు. కాస్త సైజు ఉంటే మాత్రం పెన్‌డ్రైవ్ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరువు. లోపల ట్యాగుల మధ్య ఉండేది మామూలు టెక్స్టే. చివరిదాకా వెళ్లు. ఏ హాప్స్ పేరో మధ్యలో తెగి, ట్యాగులు మూయకుండా ఉంటే, రాస్తూ రాస్తూ ఆగిపోయిందన్నమాట. పక్కనే 'కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ' అని ఇంకో ఫైలుంటే మీరిద్దరూ ఒకేసారి తెరిచి మార్చి ఉంటారని అర్థం. నీ ధనియాల విట్‌బియర్ రెసిపీ బహుశా అందులోనే ఉంది.

అక్కడా లేకపోతే డ్రాప్‌బాక్స్ వెబ్‌సైటులో ఆ ఫైలు వెర్షన్ హిస్టరీ చూడు. ఉచిత ఖాతాకైనా 30 రోజుల వెనక్కి వెళ్లొచ్చు. సైజు హఠాత్తుగా పడిపోయిన తేదీకి ముందుది దించుకుని, ఆ ఒక్క ఫైలే మార్చు. హాప్స్, ఈస్ట్, పరికరాల వివరాలు వేరే ఫైళ్లలో ఉంటాయి, వాటి జోలికి పోకు.

ఇకమీదట వంతులవారీగా వాడుకుంటామంటావేమో. దాన్నీ నమ్మలేం. మా ఊళ్లో ఏ రోడ్డెక్కినా కిటికీల్లేని డేటా సెంటర్లే కదా. 2025 అక్టోబరు 20న ఈ ఉత్తర వర్జీనియాలోనే అమెజాన్ క్లౌడ్ పడకేసి బోలెడు యాప్‌లు ఆగిపోయాయి, గుర్తుందా? ఆ తర్వాత అమెజాన్ ఇచ్చిన వివరణ చదవాల్సిందే. డైనమోడీబీ అనే వాళ్ల డేటాబేస్ సేవకు డీఎన్ఎస్ (ఇంటర్నెట్ చిరునామా) వివరాలు రాసే ప్రోగ్రాముల్లో ఒకటి ఆలస్యమై, ఇంకోటి అప్పటికే రాసిన కొత్త ప్లాన్ మీద తన పాతది రాసేసింది. ఆ రెండోది పాత ప్లాన్లను ఊడ్చే పనిలో దాన్నీ చెరిపేసింది. చివరికి చిరునామా ఖాళీ! అంతటివాళ్లకే తప్పని తంటా, మీ 'నేను మూశా, నువ్వు తెరువు' వాట్సాప్‌తో ఆగుతుందా?

అందుకని డేటా ఫోల్డరు ఎవరి డిస్కులో వాళ్లు పెట్టుకోండి. విండోస్‌లో ఆ ఫోల్డరు డాక్యుమెంట్స్‌లో ఉంటే, వన్‌డ్రైవ్ దాన్ని నీకు తెలియకుండానే తనలో కలిపేసుకుని ఉండొచ్చు, అదీ చూసుకో. పంచుకోవాలనుకున్న రెసిపీని విడి ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, పేరులో తేదీ వేసి, దాన్ని మాత్రం డ్రాప్‌బాక్స్‌లో పెట్టు.

ఫైళ్ల సైజులు ఫొటో తీసి పంపు, శనివారం కూర్చుని చూద్దాం. అమ్మ అడిగితే సాఫ్ట్‌వేర్ సమస్య అని చెప్పు. ఏ సాఫ్ట్‌వేరో చెప్పకు.

మీ అన్నయ్య