రాగిరేకు మీద లేచిన మేడ

ఒక అపార్టుమెంటు బొమ్మ వేయమంటే మీరేం చేస్తారు? కాగితం, పెన్సిలు, స్కేలు తీసుకుంటారు. గీత తప్పితే రబ్బరుతో చెరిపేస్తారు. బొమ్మ పూర్తయ్యేసరికి ఆ తప్పు గీతలు ఎక్కడ ఉండేవో మీకే గుర్తుండదు. అదే మేడను రాగిరేకు మీద గీసి, ఆ గీతలను ఆమ్లంతో తినిపించి, కాగితంపై అచ్చు తీసే చిత్రకారుడికి ఆ వెసులుబాటు లేదు. ఆమ్లం తిన్న రాగి తిరిగి రాదు. అందుకే అతడు మేడను ఒక్కసారిగా కట్టడు. కొంత గీసి, ఒక అచ్చు తీసి, దానిని పరిశీలించి, మళ్ళీ అదే రేకు మీద మరికొంత పని చేస్తాడు. ఈ కళ పేరు ఎచింగ్. రేకు ఇలా మారుతూ వచ్చిన ఒక్కొక్క స్థితిని ‘దశ’ అంటారు. ఇందులో రసాయనశాస్త్రం ఎంత ఉందో, మన ప్రయోగాలకు పనికివచ్చే పాఠం ఏముందో చూద్దాం.

చెక్కడం వేరు, తినిపించడం వేరు

పెళ్ళి సామాను కొన్నప్పుడు ఇత్తడి బిందె మీద పేరు కొట్టించడం మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ లోహాన్ని తొలిచేది మనిషి చేతి బలం. ఎచింగ్‌లో తొలిచేది ఆమ్లం. చేయి దారి చూపిస్తుంది, అంతే.

ముందుగా నున్నటి రాగిరేకును సుద్దపొడితో రుద్ది, జిడ్డు లేకుండా కడుగుతారు. దానిమీద తేనెమైనం, బిట్యుమెన్, రోజిన్ కలిపి కాచిన పదార్థాన్ని పలుచగా పూస్తారు. మన భద్రాచలం అడవుల్లో కోయలు, కొండరెడ్లు తీసే తేనెపట్టులో దొరికేది కూడా ఈ మైనమే. ఈ పూతను ఆమ్లం తాకలేదు. ఇప్పుడు సూదిమొనతో పూత మీద బొమ్మ గీస్తారు. సూది నడిచిన చోట మైనం లేచిపోయి, ఎర్రటి రాగి బయటపడుతుంది. రేకు వెనుక వైపు, అంచులకు కూడా వార్నిష్ పూసి ఆమ్లపు తొట్టెలో ఉంచుతారు. బయటపడిన రాగిని మాత్రమే ఆమ్లం తింటుంది. గీతలు సన్నని కాలువలుగా మారతాయి.

తరువాత పూత తుడిచివేసి, రేకంతా సిరా రుద్ది, పలుచని బట్టతో పై భాగాన్ని శుభ్రంగా తుడుస్తారు. కాలువల్లో సిరా మిగులుతుంది. దానిమీద తడి కాగితం, ఆపైన ఉన్ని గుడ్డ వేసి, బరువైన రోలర్ల నడుమ నుంచి పంపితే మెత్తబడిన కాగితం కాలువల్లోకి దిగి సిరాను పీల్చుకుంటుంది. అచ్చు సిద్ధం. అయితే బొమ్మ అద్దంలో చూసినట్టు తారుమారవుతుంది. రేకు మీద ఎడమవైపు గీసిన మెట్లు కాగితం మీద కుడివైపు వస్తాయి. మేడ పేరు సరిగా కనిపించాలంటే రేకు మీద దానిని తిరగేసి రాయాలి.

రాగిని ఏ ఆమ్లం తింటుంది?

చింతపండుతో తోమితే రాగిచెంబు తళతళలాడుతుంది. చింతపండులోని ఆమ్లం పైన పేరుకున్న చిలుమును కరిగిస్తుంది గాని, చెంబును కరిగించదు. సజల హైడ్రోక్లోరికామ్లం కూడా రాగిని ఏమీ చేయలేదు. ఎందుకు? లోహాల చర్యాశీలత శ్రేణిలో రాగి స్థానం హైడ్రోజన్ కంటే దిగువన ఉంది. అందుచేత రాగి ఆమ్లంలోని హైడ్రోజన్‌ను వెళ్ళగొట్టలేదు.

నత్రికామ్లం సంగతి వేరు. అది బలమైన ఆక్సీకరణి కూడా.

రాగి + సజల నత్రికామ్లం → రాగి నైట్రేట్ + నైట్రిక్ ఆక్సైడ్ + నీరు

తొట్టెలోని ద్రవం క్రమంగా నీలిరంగుకు తిరుగుతుంది. వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. ఇది ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు. అందుకే ఇప్పుడు చాలామంది చిత్రకారులు నత్రికామ్లం బదులు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం వాడతారు. దానితో వాయువు పుట్టదు. రేడియోలలోని సర్క్యూట్ పలకల మీద అక్కరలేని రాగిని తొలగించేందుకు వాడేది కూడా ఇదే ద్రావణం.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోండి. రేకు ఎంత ఎక్కువసేపు తొట్టెలో ఉంటే కాలువ అంత లోతవుతుంది. కాలువ ఎంత లోతయితే అంత ఎక్కువ సిరా పడుతుంది. ఎంత సిరా పడితే అచ్చులో గీత అంత నల్లగా వస్తుంది. అంటే చిత్రకారుడు కాలాన్ని నలుపుగా మారుస్తున్నాడన్నమాట!

నాలుగు దశల్లో ఒక మేడ

ఖమ్మంలోనో, విజయవాడలోనో మీరు చూసిన నాలుగంతస్తుల అపార్టుమెంటును ఒక చిత్రకారుడు రేకుకెక్కిస్తున్నాడనుకుందాం.

మొదటి దశలో గీతలు మాత్రమే ఉంటాయి. గోడల అంచులు, బాల్కనీలు, కిటికీలు, డాబా మీద నీళ్ళ ట్యాంకు గీస్తాడు. కొద్ది నిమిషాల తరువాత రేకు బయటికి తీసి, దూరంగా కనిపించవలసిన గీతలను వార్నిష్‌తో మూసేస్తాడు. వాటి లోతు అక్కడితో ఆగిపోతుంది. దగ్గరి గీతలు మళ్ళీ ఆమ్లంలోకి వెళ్ళి మరింత లోతవుతాయి. అచ్చు తీస్తే మేడ ఇంజనీరు ప్లానులా ఉంటుంది. ఆకారం ఉంది, బరువు లేదు.

రెండో దశలో నీడలు వస్తాయి. రేకు మీద రోజిన్ పొడి చల్లి, అడుగు నుంచి వేడిచేస్తే పొడి రేణువులు కరిగి అంటుకుంటాయి. ఆమ్లం ఆ రేణువుల సందుల్లో రాగిని తిని, రేకును గరుకుగా చేస్తుంది. గరుకుతలం సిరాను పట్టి, అచ్చులో బూడిదరంగు ఇస్తుంది. ఇప్పుడు ఒక గోడ మీద ఎండ, మరో గోడ మీద నీడ పడ్డాయి.

మూడో దశలో మెట్లదారిని, కింది అంతస్తును మరికొంతసేపు తినిపిస్తాడు. అవి చిక్కటి నలుపవుతాయి. మేడ నేలమీద నిలబడినట్టవుతుంది. కాని అచ్చు చూస్తే పై కిటికీలు కూడా చీకట్లో కలిసిపోయాయి. ఇప్పుడెలా?

నాలుగో దశలో ఆ కిటికీల చోట గరుకును నున్నటి ఉక్కు పనిముట్టుతో రుద్ది అణగదొక్కుతాడు. నునుపైన చోట సిరా నిలవదు. అచ్చులో అక్కడ తెలుపు వస్తుంది. చీకటి మేడలో మూడు కిటికీల్లో దీపాలు వెలిగాయి. లోతైన గీతను తీసివేయాలంటే మాత్రం కష్టం ఎక్కువ. రాగిని గీకాలి. గీకినచోట పల్లం పడితే రేకు వెనుక నుంచి సుత్తితో కొట్టి మట్టం చేయాలి. ఇంత చేసినా ఒక్కోసారి పాత గీత జాడ లీలగా మిగిలిపోతుంది.

ఒక సంగతి గమనించండి. సిరా మార్చినంత మాత్రాన, కాగితం మార్చినంత మాత్రాన కొత్త దశ కాదు. రేకు మారితేనే కొత్త దశ.

పారిస్ నగరపు మెరియన్

నగరపు మేడలను ఇలా రేకుకెక్కించిన వారిలో ప్రసిద్ధుడు ఫ్రాన్స్ దేశపు చార్లెస్ మెరియన్. 1821లో పారిస్‌లో పుట్టాడు. నౌకాదళంలో పనిచేసి న్యూజిలాండ్ దాకా వెళ్ళి వచ్చాడు. చిత్రకారుడు కావాలనుకున్నాడు గాని, అతడికి వర్ణాంధత్వం ఉంది. 1794లో జాన్ డాల్టన్ తన కళ్ళనే పరిశీలించి వివరించిన లోపం అది. రంగులు సరిగా పోల్చుకోలేని మెరియన్, నలుపు తెలుపులతోనే నడిచే ఎచింగ్ వైపు తిరిగాడు.

1850 నుంచి 1854 వరకు అతడు పారిస్ నగరంపై ఒక చిత్రమాల తయారుచేశాడు. సెయిన్ నది ఒడ్డున ఒకదాని మీదికి ఒకటి ఒరిగినట్టుండే ఇళ్ళు, అంతస్తు మీద అంతస్తు, వరుస వరుస కిటికీలు, పొగగొట్టాలు అందులో కనిపిస్తాయి. ‘పోన్ ఓ షాంజ్’ అనే వంతెన చిత్రంలో దశలు మరీ ఆసక్తికరం. తొలి దశల్లో ఆకాశంలో ఒక గాలిబుడగ ఉంది. తరువాత దాన్ని చెరిపి, పెద్ద పెద్ద పక్షుల గుంపును పెట్టాడు. ఇంకా తరువాత మళ్ళీ గాలిబుడగలు వచ్చాయి. వంతెన అదే, రేకు అదే. మారినది ఆకాశం. అతడి మనసు కూడా ఆ ఏళ్ళలో అనారోగ్యంతో కల్లోలపడింది. 1868లో షరాన్తన్ మానసిక చికిత్సాలయంలో చనిపోయాడు.

1853లో హౌస్మన్ అనే అధికారి ఆధ్వర్యంలో పాత పారిస్ వీధులను కూల్చి వెడల్పాటి రహదారులు వేయడం మొదలయింది. మెరియన్ చూసిన పాత నగరంలో చాలా భాగం పోయింది. అతడు తీసిన అచ్చులు మాత్రం ఆ నగరానికి సాక్ష్యంగా మిగిలాయి.

అదే పారిస్‌లో ఒక తెలుగువాడు

సుమారు వందేళ్ళ తరువాత అదే నగరంలో రాగిరేకులతో, జింకు రేకులతో ప్రయోగాలు చేసినవాడు మన కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చదువుకున్నాడు. పారిస్‌లో హేటర్ 1927లో స్థాపించిన ‘అతెలియే 17’ అనే అచ్చుచిత్రాల కార్యశాలలో చేరి, కైకో మోతీ వంటి సహచరులతో కలిసి ఒక కొత్త పద్ధతిని రూపొందించాడు.

అంతకుముందు రంగుకొక రేకు వాడడం మామూలు. కృష్ణారెడ్డి ఒకే రేకును వేర్వేరు లోతుల్లో తొలిచి, ఒకే అచ్చులో అనేక రంగులు రాబట్టాడు. కీలకం రంగుల స్నిగ్ధతలో ఉంది. అవిసెనూనె ఎక్కువ కలిపి పలుచన చేసిన రంగును గట్టి రోలరుతో రేకు పై మట్టానికి పూస్తారు. నూనె తక్కువగా ఉన్న చిక్కటి రంగును మెత్తటి రోలరుతో లోతుల్లోకి పంపుతారు. పై మట్టంలోని పలుచని రంగు చిక్కటి రంగును అంటనివ్వదు. కనుక రెండూ కలిసిపోకుండా ఎక్కడివక్కడే ఉంటాయి. రేకు మారకుండానే రంగులు మార్చి ఎన్నో రకాల అచ్చులు తీయవచ్చు. 1972లో పద్మశ్రీ అందుకున్న కృష్ణారెడ్డి 2018లో న్యూయార్క్‌లో మరణించాడు. మన రాష్ట్రంలో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ కూడా ఎచింగ్‌లో పేరు పొందినవాడే.

మీరే చేసి చూడండి

నత్రికామ్లాన్ని మీరు ముట్టుకోవద్దు. దానికి బదులు పాలిష్ చేసిన షాబాదు బండ ముక్క ఒకటి తీసుకోండి. అది సున్నపురాయి, అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం ఒలికినచోట ఇంట్లో బండ మెరుపు పోవడం మీరు చూసే ఉంటారు. కారణం ఇదే.

పెద్దల సహాయంతో కరిగించిన కొవ్వొత్తి మైనాన్ని బండ మీద పలుచగా పోయండి. ఆరిన తరువాత మేకుతో మేడ అంచులు గీసి, గీతల మీద వెనిగర్ పోయండి. బుడగలు వస్తాయి. అది కార్బన్ డయాక్సైడ్. బుడగలే రాకపోతే మీ ముక్క గ్రానైట్ అయి ఉండవచ్చు. వెనిగర్ మారుస్తూ కొన్ని గంటలు ఉంచి, కడిగి, మైనం గీకేయండి. బొగ్గుపొడి రుద్ది తుడిస్తే గీతలు తేలతాయి. కాగితం పరచి పెన్సిలుతో రుద్ది నకలు తీసి, తేదీ, సమయం రాయండి. అది మీ మొదటి దశ. మళ్ళీ మైనం పోసి, ఈసారి కిటికీలు గీయండి. అది రెండో దశ.

రికార్డులో పేజీ చింపవద్దు

ఏటా ప్రయోగాల రికార్డులు దిద్దేటప్పుడు నాకు చింపిన పేజీల మొదళ్ళు కనిపిస్తాయి. ఫలితం సరిగా రాలేదని విద్యార్థి మొదటి పేజీ చింపి, తోటివాడి అంకెలు చూసి శుభ్రంగా రాస్తాడు. పేజీ అందంగా ఉంటుంది, అందులో ప్రయోగం ఉండదు. మూడో దశలో కిటికీలు చీకటిలో కలిశాయని చిత్రకారుడికి తెలిసింది ఆ దశ అచ్చు కళ్ళెదుట ఉన్నందువల్లనే. కుదరని అచ్చును అతడు దాచుకున్నాడు. దానిని చూసే తరువాతి మార్పు నిర్ణయించాడు. మీ ఫలితం తేడాగా వస్తే దాని మీద ఒక గీత కొట్టి, కింద కారణం రాసి, మళ్ళీ చేయండి. పైనున్నది మీ మొదటి దశ. దానిని మేము తప్పుగా కాక పనిగా లెక్కించడం నేర్చుకోవాలి. దానిని దాచకుండా ఉంచడం మీరు నేర్చుకోవాలి.

ఆలోచించండి

1. రేకు వెనుక వైపు వార్నిష్ పూయకపోతే ఏమవుతుంది?
2. ఒకే రేకు నుంచి నల్లసిరాతో ఒక అచ్చు, ఎర్రసిరాతో ఒక అచ్చు తీశారు. ఇవి రెండు దశలా, ఒకటా?
3. నత్రికామ్లంతో చేసిన తొట్టె ద్రవం నీలిరంగుకు ఎందుకు తిరుగుతుంది?
4. మీ ఊరిపేరు అచ్చులో సరిగా రావాలంటే రేకు మీద ఎలా రాయాలి? కాగితం మీద రాసి, అద్దంలో సరిచూసుకోండి.