న్యూరోఫీడ్‌బ్యాక్ కోర్సుకు ఫీజు కట్టే ముందు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలో పిల్లల థెరపీ సెంటర్ల బోర్డులు చూడండి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీల పక్కన ఇప్పుడు న్యూరోఫీడ్‌బ్యాక్ అనే పేరు కూడా కనిపిస్తోంది. మందులు అక్కర్లేకుండా ఏకాగ్రత పెరుగుతుంది, ఆందోళన తగ్గుతుంది, నిద్ర పడుతుంది అని చెబుతుంటారు. దాని వెంటే ఇంకో రకం ప్రకటనలూ వస్తున్నాయి: వారాంతపు శిక్షణ, చేతికి సర్టిఫికెట్, ఆ మర్నాటి నుంచే ప్రాక్టీసు. సైకాలజీ డిగ్రీ చదువుతున్నవాళ్లు, పీజీ చేసి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ‘ఇది నేర్చుకుంటే నిలదొక్కుకోగలమా?’ అని అడుగుతున్నారు. నేర్చుకోదగ్గ పనే. కానీ అసలు వృత్తికి కావాల్సిన అర్హత ముందే చేతిలో ఉన్నవాళ్లకే అది అన్నం పెడుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ గదిలో ఏం జరుగుతుందో, పరిశోధనలు దాని గురించి ఏం తేల్చాయో చూడాలి.

మెదడులో నాడీకణాలు గుంపులుగా పనిచేస్తున్నప్పుడు పుట్టే విద్యుత్తు, తల పైచర్మం మీద మైక్రోవోల్టుల్లో అందుతుంది. జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీద నుంచి దాన్ని నమోదు చేశాడు. అదే ఈఈజీ. మామూలుగా ఈఈజీ తీసి డాక్టరు చూస్తాడు. న్యూరోఫీడ్‌బ్యాక్‌లో దాన్ని అప్పటికప్పుడు పేషెంటుకే చూపిస్తారు. నడినెత్తి మీద పేస్టుతో ఒక ఎలక్ట్రోడు అతికించి, చెవులకు క్లిప్పులు పెట్టి, పిల్లవాణ్ని తెర ముందు కూర్చోబెడతారు. తెర మీద కారు పోతుంటుంది. సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే థీటా తరంగాలు తగ్గి, అంతకన్నా వేగంగా ఊగే బీటా తరంగాలు పెరిగితే కారు ముందుకు కదులుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఏం చేస్తే కదులుతుందో ఎవరూ చెప్పరు, మాటల్లో చెప్పడం కుదరదు కూడా. వారానికి రెండు మూడు సార్లు, మొత్తం 30, 40 సెషన్లు చేస్తే మెదడు తనంతట తానే ఆ పద్ధతికి అలవాటుపడుతుందని ఆశ.

బయటినుంచి చూస్తే వీడియోగేమ్ ఆడించినట్టే ఉంటుంది. పనిమంతుడికీ కొత్తవాడికీ తేడా తెలిసేది మాత్రం ఎలక్ట్రోడు పెట్టే దగ్గరే. మన అమ్మలు పిల్లలకు నెత్తిన కొబ్బరినూనె రాసి, దువ్వి మరీ పంపిస్తారు. ఆ జిడ్డు మీద సిగ్నల్ సరిగా అందదు. అందుకే ముందురోజే తలస్నానం చేయించి నూనె పెట్టకుండా తీసుకురమ్మని చెప్పాలి. మరిచిపోయి వస్తే విసుక్కోకుండా చర్మం శుభ్రం చేసుకోవాలి. పిల్లవాడు కన్నార్పినా, పళ్లు బిగించినా తెర మీద గీతలు ఎగిరిపడతాయి. దవడ కండరం నుంచి వచ్చే విద్యుత్తు బీటా తరంగాల కొలతలోకి చొరబడుతుంది. అనుభవం లేనివాళ్లు దాన్ని చూసి ‘భలే, ఏకాగ్రత పెరిగింది’ అంటారు. అంటే ఆ పిల్లవాడికి నెలల తరబడి నేర్పింది పళ్లు బిగించడం అన్నమాట. ఈ తేడా పట్టుకోవడం రెండు వారాంతాల్లో వచ్చే విద్య కాదు.

పిల్లులతో మొదలు

అమెరికాలో 1960ల్లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బ్యారీ స్టెర్మన్ పిల్లుల మీద పనిచేశాడు. 12 నుంచి 15 హెర్ట్జ్ మధ్య ఉండే ఒక లయను పిల్లి తన మెదడులో తెచ్చుకున్నప్పుడల్లా దానికి తిండి బహుమతిగా ఇచ్చేవాడు. పిల్లులు నేర్చుకున్నాయి. ఆ తర్వాత రాకెట్ ఇంధనంలో వాడే మోనోమిథైల్ హైడ్రజిన్ అనే విషపదార్థం మూర్ఛ తెప్పించే తీరును పరీక్షిస్తుంటే, ఆ శిక్షణ పొందిన పిల్లులు మిగతావాటికన్నా ఎక్కువ సేపు తట్టుకున్నాయి. ఎవరూ ఎదురుచూడని ఫలితం అది. 1972లో మూర్ఛ ఉన్న ఒక యువతికి ఇదే శిక్షణ ఇచ్చి ఫిట్స్ తగ్గాయని ప్రకటించారు. 1976లో టెనెసీ విశ్వవిద్యాలయంలో జోయెల్ లూబార్ దీన్ని అతిచురుకు పిల్లల దగ్గరికి తెచ్చాడు. పిల్లికి ఆశాభ్రమలు ఉండవు కాబట్టి ఆ మొదటి ఫలితానికి విలువ ఉంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికే చిక్కు మొదలైంది.

చిక్కు ఏమిటంటే, బిడ్డ మెరుగయ్యాడా లేదా అని ఎవరిని అడగాలి? డబ్బు కట్టి, ఆఫీసులో పర్మిషన్ తీసుకుని, నలభై సార్లు తిప్పిన తల్లిదండ్రులను అడిగితే ‘అవును, చాలా మారాడు’ అంటారు. అది అబద్ధం కాదు, వాళ్లకు అలాగే కనిపిస్తుంది. అందుకే అమెరికాలో కొందరు పరిశోధకులు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకు) ఉన్న 142 మంది పిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అసలు న్యూరోఫీడ్‌బ్యాక్, ఇంకో గుంపుకు అచ్చం అలాగే కనిపించే నకిలీది. నకిలీలో ఆటను నడిపింది ఆ పిల్లవాడి మెదడు కాదు. ఎవరికి ఏది అందుతోందో పిల్లలకూ తెలియదు, పెద్దవాళ్లకూ తెలియదు. చివరికి చూస్తే రెండు గుంపులూ బాగుపడ్డాయి, దాదాపు సమానంగా! 2024 చివర్లో జామా సైకియాట్రీ పత్రిక 38 ప్రయోగాలను, 2,472 మందిని కలిపి బేరీజు వేసిన విశ్లేషణను ప్రచురించింది. ఎవరు ఏ చికిత్స తీసుకున్నారో తెలియని పరిశీలకుల అంచనాలనే లెక్కలోకి తీసుకుంటే, ఏడీహెచ్‌డీ లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని అందులో తేలింది. సమాచారాన్ని అందుకునే వేగంలో మాత్రం చిన్న మెరుగు కనిపించింది.

నకిలీ చికిత్సతోనూ పిల్లలు బాగుపడటాన్ని నేను కొట్టిపారేయను. వారానికి మూడు సార్లు ఒక పెద్దమనిషి తిట్టకుండా పక్కన కూర్చుని, చిన్న గెలుపుకు కూడా మెచ్చుకుంటే ఏ పిల్లవాడైనా కాస్త కుదురుకుంటాడు. ఆ పనికి లక్షలు పోసి యంత్రం కొనాలా అన్నదే ప్రశ్న.

ఉద్యోగానికి దీనితో ఏం సంబంధం అంటారేమో. చాలా ఉంది. రేపు మీ ఎదుట కూర్చునే తల్లి ‘మందులు ఆపేసి ఇది చేయిద్దామా?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత సర్టిఫికెట్ ఇవ్వదు. మందు ఆపాలా వద్దా అన్నది సైకియాట్రిస్టు చెప్పాలి. అసలది ఏడీహెచ్‌డీయా, చదువులో నిర్దిష్ట లోపమా, వినికిడి సమస్యా, రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూడటమా అన్నది తేల్చడానికి క్లినికల్ సైకాలజిస్టు ఉండాలి. స్టెతస్కోపు కొనుక్కున్నవాళ్లంతా డాక్టర్లు కానట్టే, ఇక్కడా యంత్రం వెనక అర్హత ఉండాలి. పైగా ఈ రంగం రేపు ఏ మలుపు తిరిగినా, ఆ అర్హత ఉన్నవాళ్లకు పని పోదు.

అర్హత ఎక్కడ, ఎలా?

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చదువు చదివి, అక్కడ రిజిస్టర్ కావాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆ గుర్తింపునే ప్రమాణంగా తీసుకుంది. మొన్నటిదాకా దారి స్పష్టంగా ఉండేది: సైకాలజీలో పీజీ, ఆ తర్వాత ఆసుపత్రిలో పనిచేస్తూ రెండేళ్ల ఎంఫిల్. కొత్త విద్యావిధానంతో ఎంఫిల్ ఎత్తేశారు. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 ప్రవేశాల వరకు యూజీసీ వెసులుబాటు ఇచ్చింది. ఎంఫిల్ స్థానంలో క్లినికల్ సైకాలజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్, ఎంఏ, డాక్టర్ ఆఫ్ సైకాలజీ (సైడీ) లాంటి కోర్సులను కౌన్సిల్ తెస్తోంది. మారుతున్న కాలం కాబట్టి కాలేజీ బ్రోచర్‌ను నమ్మకండి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు, ఆ విద్యాసంవత్సరం మూడూ ఉన్నాయో లేదో మీరే చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. దూరవిద్యలో సైకాలజీ చేద్దామనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపరాదని యూజీసీ ఆదేశించింది. ఇప్పటికీ సీటిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.

మనకు దగ్గర్లో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ మేధోవైకల్యం ఉన్నవాళ్ల పునరావాసానికి జాతీయ సంస్థ. మానసిక ఆరోగ్యానికి దేశంలో పెద్ద దిక్కు బెంగళూరులోని నిమ్హాన్స్. న్యూరోఫీడ్‌బ్యాక్‌ను పరిశోధనగా, తలకు దెబ్బ తగిలినవాళ్ల పునరావాసంలో భాగంగా అక్కడి క్లినికల్ సైకాలజీ విభాగం వాడింది. నేర్చుకుంటే అలాంటిచోట, ప్రశ్నలు అడిగే గురువుల దగ్గర నేర్చుకోవాలి.

సైకాలజీ కాకుండా యంత్రం వైపే మనసు లాగేవాళ్లూ ఉంటారు. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ మంచి దారి. ఈఈజీ, నరాల వేగం కొలిచే పరీక్షలు, నిద్ర పరీక్షలు చేసేది వీళ్లే. అనుబంధ ఆరోగ్య వృత్తుల 2021 చట్టం ఈఈజీ టెక్నాలజిస్టును ప్రత్యేక వృత్తిగా గుర్తించింది. న్యూరాలజీ విభాగం ఉన్న ప్రతి ఆసుపత్రికీ వీళ్లు కావాలి. న్యూరోఫీడ్‌బ్యాక్ ఉన్నా, లేకపోయినా కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల వైద్య విశ్వవిద్యాలయాలు విడుదల చేసే పారామెడికల్ నోటిఫికేషన్లలో ఈ పేరు వెతకండి. ఎంపీసీ, ఇంజినీరింగ్ పిల్లలకైతే సిగ్నల్ ప్రాసెసింగ్ ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్‌లో ఎమ్మెస్సీ ఉంది, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. దవడ కండరాన్నీ మెదడునూ విడదీసే ప్రోగ్రాం రాయడం ఇప్పటికీ పూర్తిగా తీరని పనే.

ఇక సర్టిఫికెట్. ప్రపంచంలో ఎక్కువమంది గుర్తించేది 1981లో అమెరికాలో మొదలైన బీసీఐఏ సంస్థ ఇచ్చేది. 36 గంటల పాఠం, అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో 25 గంటలు, పేషెంట్లతో 100 సెషన్లు, ఆపైన పరీక్ష. అది కూడా లైసెన్సు కాదని, జబ్బులకు చికిత్స చేయాలంటే లైసెన్సు వేరే ఉండాలని, లేదా లైసెన్సు ఉన్నవాళ్ల కింద పనిచేయాలని ఆ సంస్థే చెబుతుంది. ఈ లెక్క తెలిసి ఉంటే, వారాంతపు కోర్సువాళ్లు ఎదురైనప్పుడు అడగాల్సినవి మీకే తడతాయి: పేషెంట్లతో ఎన్ని సెషన్లు చేయిస్తారు? పక్కన ఎవరు కూర్చుంటారు, ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? యంత్రం అమ్మే కంపెనీయే కోర్సు కూడా నడుపుతోందా? నకిలీ చికిత్సతో పోల్చిన ప్రయోగాల గురించి ఏ పాఠంలో చెబుతారు? ఈ చివరి ప్రశ్నకు మాట దాటేస్తే అక్కడితో లేచి వచ్చేయొచ్చు.

పీజీ అయిపోయి, మళ్లీ రెండేళ్లు చదవాలంటే ఇల్లు గడవని పరిస్థితి ఉన్నవాళ్లు టెలీమానస్ లాంటి ప్రభుత్వ హెల్ప్‌లైన్లలో కౌన్సెలర్ పోస్టుల నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ 14416 నంబరుకు తెలుగులో మాట్లాడగలిగే మనుషులు కావాలి. జీతం ఎలా ఉన్నా, ఒక ఏడాది ఆ ఫోన్లు ఎత్తితే ఆందోళన అంటే ఏమిటో, నిద్రపట్టకపోవడం అంటే ఏమిటో వందల గొంతుల్లో వింటారు. తర్వాత క్లినికల్ కోర్సు ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు చెప్పుకోవడానికి మీ దగ్గర అనుభవం ఉంటుంది.