మీటరు బోర్డులో ఆరని లైట్లు: బ్రేకు, ఏ.బి.ఎస్., ట్రాక్షన్ హెచ్చరికలు (డ్రైవర్ల కోసం పాఠం)

కువైట్‌లో ఇంటి డ్రైవర్లుగా, కంపెనీ వ్యాన్ డ్రైవర్లుగా పనిచేస్తున్న మన తెలుగువారిలో చాలామంది చేతికి వచ్చేది కొత్త బండి కాదు. పదేళ్లో, పదిహేనేళ్లో వాడిన బండి. తాళాలు ఇచ్చేటప్పటికే అందులో ఒకటో రెండో లైట్లు వెలుగుతూ ఉంటాయి. అడిగితే "అది ఎప్పటినుంచో ఉంది, ఏం కాదు, నడుపు" అంటారు. కొత్తగా వచ్చినవారు ఎదురు చెప్పలేక నడిపేస్తారు.

కానీ ప్రమాదం జరిగిన రోజున స్టీరింగ్ పట్టుకున్నది మీరే. పోలీసులు ముందు అడిగేది కూడా మిమ్మల్నే. వెనక సీట్లో యజమాని పిల్లలు ఉండవచ్చు, లేదా మీ తోటి కూలీలు పదిమంది ఉండవచ్చు. అందుచేత ఆ లైట్లు ఏం చెబుతున్నాయో తెలుసుకోవడం మెకానిక్ పని మాత్రమే అనుకోవద్దు. డ్రైవరు పని కూడా.

1. ముందు రంగు చూడండి

ఎర్ర లైటు అంటే బండి ఆపాలి. పసుపు లైటు అంటే జాగ్రత్తగా నడిపి, త్వరగా చూపించుకోవాలి. ఈ ఒక్క మాట గుర్తున్నా సగం పాఠం వచ్చినట్లే.

ఎర్ర లైటు: గుండ్రటి గుర్తు మధ్యలో ఆశ్చర్యార్థకం ఉంటుంది. ఇది అసలు బ్రేకు గురించి.

పసుపు ఏ.బి.ఎస్. లైటు: గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు పని చేయడం లేదని అర్థం. మామూలు బ్రేకు పడుతుంది.

పసుపు ట్రాక్షన్ లైటు: జారుతున్న కారు బొమ్మ గానీ, టి.ఆర్.సి., వి.ఎస్.సి., ఇ.ఎస్.పి. అనే అక్షరాలు గానీ ఉంటాయి. చక్రాలు ఊరికే తిరగకుండా, బండి పక్కకు జారకుండా చూసే ఏర్పాటు ఆగిపోయిందని అర్థం. ఈ లైటు ఒక్క క్షణం మిణుకుమని ఆరిపోతే అది లోపం కాదు, ఆ ఏర్పాటు పని చేస్తోందని గుర్తు. ఆరకుండా నిలిచిపోతేనే లోపం.

2. తాళం తిప్పగానే చేయవలసిన పరీక్ష

తాళం ఆన్ చేయగానే ఈ లైట్లన్నీ కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే "లైటు లేదు, బండి బాగుంది" అని సంతోషించకండి. బల్బు కాలిపోయి ఉండవచ్చు, లేదా అమ్మినవాడు లోపం కనబడకుండా బల్బు పీకేసి ఉండవచ్చు. ఆరని లైటు కన్నా వెలగని లైటు ఎక్కువ ప్రమాదం.

3. ఎర్ర లైటు వెలిగితే

మొదట హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించారా చూడండి. దించినా లైటు ఆరకపోతే బండిని నీడపట్టున, చదునైన చోట ఆపి బోనెట్ ఎత్తండి. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటాయి. ఆయిల్ ఆ రెండు గీతల మధ్య ఉండాలి.

ఆయిల్ తగ్గడానికి కారణాలు రెండు. ఒకటి, ప్యాడ్లు అరిగిపోవడం. అప్పుడు ఆయిల్ నెలల తరబడి నెమ్మదిగా దిగుతుంది. రెండు, ఎక్కడో కారడం. ఈ రోజు పోసిన ఆయిల్ వారానికే దిగిపోతే అది కారుతున్నట్లే. చక్రాల లోపలి వైపు తడిగా ఉందేమో, బండి కింద మరక పడిందేమో చూడండి. పోస్తూ నడిపితే ఏదో ఒక రోజు పెడల్ నేలకు అంటుతుంది.

తర్వాత ఇంజన్ ఆన్‌లో ఉంచి, బండి కదలకుండా, పెడల్‌ను ఒకే బలంతో అరనిమిషం తొక్కి పట్టండి. పెడల్ మెల్లగా కిందికి దిగిపోతూ ఉంటే ఆ బండి నడపకండి.

కొన్ని పాత ల్యాండ్ క్రూజర్, ప్రాడో బండ్లలో బ్రేకుకు బలం ఇచ్చేది ఒక కరెంటు పంపు. అది పాడైతే ఎర్ర లైటుతో పాటు బజర్ మోగుతుంది. అలా మోగితే ఇంటిదాకా వెళదాం అనుకోకుండా అక్కడే పక్కకు తీసి ఆపండి.

ఎర్ర లైటు, ఏ.బి.ఎస్. లైటు రెండూ కలిసి వెలిగినా ఆపవలసిందే. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ బ్రేకు బలం పంచే ఏర్పాటు కూడా పోయి ఉండవచ్చు. అప్పుడు గట్టిగా తొక్కితే వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి అడ్డం తిరగవచ్చు.

గమనిక: డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. అదే రకం, సీలు తీయని డబ్బాలోది పోయాలి. ఇంజన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క కూడా పోయకూడదు, లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకు చెడిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరిన తర్వాత 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే పెడల్ మెత్తబడి బ్రేకు పట్టదు. పాత ఆయిల్‌ను సమయానికి మార్పించమని చెప్పండి.

4. పసుపు లైట్లు రెండు మూడు ఎందుకు కలిసి వెలుగుతాయి?

ఏ.బి.ఎస్., ట్రాక్షన్ రెండూ ఒకే సమాచారం మీద నడుస్తాయి. ప్రతి చక్రం దగ్గర ఒక చిన్న సెన్సర్ ఉండి, చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది. ఒక్క సెన్సర్ చెప్పడం మానేస్తే రెండూ ఆగిపోతాయి. మూడు లైట్లు వెలిగాయని మూడు రిపేర్లు అనుకోకండి, మూడింటికి డబ్బు ఇవ్వనివ్వకండి. చాలాసార్లు మూలం ఒకటే.

లైటు ఎప్పుడు వెలుగుతోందో గమనిస్తే కారణం సగం దొరుకుతుంది.

• తాళం ఆన్ చేసినప్పటి నుంచీ ఆరకపోతే: వైరు తెగడం, ఫ్యూజు పోవడం, సెన్సర్ పూర్తిగా పాడవడం.

• బండి కదిలి కొంత వేగం అందుకున్నాక వెలిగితే: ఏదో ఒక చక్రం నుంచి సమాచారం సరిగా రావడం లేదు. సెన్సర్ మీద ఇనుప రజను, బురద పట్టి ఉండవచ్చు.

• గతుకుల్లో, మలుపుల్లో మాత్రమే వెలిగితే: చక్రం దగ్గరి వైరు వదులైంది, లేదా బేరింగ్ ఆడుతోంది.

• ఆగబోయే ముందు నెమ్మదిలోనే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటే: సెన్సర్ ఎదుటి రింగు పగిలి గానీ, తుప్పు పట్టి గానీ ఉండవచ్చు.

• టైర్లు గానీ బేరింగ్ గానీ మార్చిన తర్వాత వెలిగితే: వేరే సైజు టైరు వేశారు, లేదా బేరింగ్ తిరగేసి బిగించారు, లేదా వైరు లాగేశారు.

• పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వెలిగితే: బ్యాటరీ బలహీనం. ఇక్కడి ఎండకు బ్యాటరీలు త్వరగా పోతాయి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 దాకా ఉండాలి.

• చెక్ ఇంజన్ లైటుతో పాటు వెలిగితే: లోపం ఇంజన్‌లో ఉండవచ్చు. చాలా బండ్లు అప్పుడు ట్రాక్షన్‌ను తామే ఆపేస్తాయి.

ఇవేవీ చూడకముందే ట్రాక్షన్ బటన్ ఎవరైనా నొక్కారేమో చూడండి. ఇసుకలోకి వెళ్లి వచ్చిన బండ్లలో ఇది తరచుగా జరుగుతుంది. మళ్లీ నొక్కితే లైటు ఆరిపోతుంది.

5. గ్యారేజీలో ఏమి అడగాలి?

స్కానర్ పెట్టించండి. చవక స్కానర్లు కొన్ని ఇంజన్ కోడ్లు మాత్రమే చదువుతాయి. ఏ.బి.ఎస్. కోడ్లు చదివేది కావాలి. ఆ కోడ్లు సాధారణంగా "సి" అక్షరంతో మొదలవుతాయి. ఉదాహరణకు టొయోటా బండ్లలో సి 0200 అంటే కుడి ముందు చక్రం సెన్సర్, సి 0205 అంటే ఎడమ ముందు చక్రం. కోడ్ చెరిపేయకముందే ఫోటో తీసుకోండి. ఉత్తగా కోడ్ చెరిపి "అయిపోయింది" అంటే నమ్మకండి, నాలుగు కిలోమీటర్లు తిరిగేసరికి లైటు మళ్లీ రావచ్చు. కోడ్ చక్రం పేరు చెబుతుంది గాని సెన్సరే పాడని చెప్పదు. ముందు వైరు, రజను చూసిన తర్వాతే కొత్త సెన్సర్ వేయమనండి.

6. అప్పటిదాకా పసుపు లైటు బండిని ఎలా నడపాలి?

ముందు బండికి రెట్టింపు దూరం వదలండి. వేగం తగ్గించండి. వానాకాలపు మొదటి జల్లుకు ఇక్కడి రోడ్ల మీద దుమ్ము, నూనె కలిసి బాగా జారుతాయి. ఏ.బి.ఎస్. పని చేస్తున్న బండిలో ఆపద వేళ పెడల్ గట్టిగా తొక్కి పట్టాలి. పని చేయని బండిలో చక్రాలు బిగుసుకుంటే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. అప్పుడు పెడల్ కొంచెం వదిలి, మళ్లీ తొక్కాలి.

7. యజమానికి ఎలా చెప్పాలి?

మర్యాదగా, కానీ స్పష్టంగా చెప్పండి: "బాబా, లైట్ అహ్మర్. బ్రేక్ ఖర్బాన్. వాయిద్ ఖతర్. లాజిమ్ కరాజ్." అంటే: ఎర్ర లైటు వెలిగింది, బ్రేకు పాడైంది, చాలా ప్రమాదం, గ్యారేజీకి వెళ్లాలి.

నోటితో చెప్పి ఊరుకోకండి. బండి ఆపి ఉన్నప్పుడు లైటూ కిలోమీటర్లూ కనబడేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి. తేదీ, ఎవరికి చెప్పారు, వారేమన్నారు అనేది ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. రేపు "నాకు చెప్పలేదు" అంటే మీ దగ్గర ఆధారం ఉంటుంది.

ఎర్ర లైటుతో నడపమని బలవంతం చేస్తే నడపకండి. బెదిరిస్తే, జీతం ఆపితే ఎంబసీ లేబర్ విభాగానికి వచ్చి చెప్పండి. ప్రమాదం జరిగితే అక్కడి నుంచి పారిపోకుండా 112కు ఫోన్ చేయండి. అర్థం కాని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టకండి, అనువాదం అడగండి.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

ఈ రోజు తాళం తిప్పినప్పుడు ఏ లైట్లు వెలిగాయి? అన్నీ ఆరాయా? బ్రేక్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు చూశారు? ఆరని లైటు ఉంటే, మీరు చెప్పినట్లు రుజువు ఉందా?

ఈ నాలుగింటికి జవాబు చెప్పలేకపోతే రేపు పొద్దున ఐదు నిమిషాలు ముందు లేవండి. ఊళ్లో మీకోసం ఎదురు చూసేవారికి మీరు పంపే డబ్బు కన్నా మీరు క్షేమంగా తిరిగి రావడం ముఖ్యం.