దొంగ ఎవరు? కెమెరా చెప్పిన అబద్ధం

పిల్లలూ! సినిమా చూడడం మీకందరికీ తెలుసు. మరి తీయడం? కాలువ గట్టున ఉన్న మా హైస్కూలులో తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు పది నిమిషాల ‘సస్పెన్సు’ సినిమా ఒకటి తీశారు. కథ చిన్నదే. రేపు సైన్సు ప్రదర్శన అనగా ఈ రాత్రి ల్యాబులోని మైక్రోస్కోపు మాయమవుతుంది. దొంగ ఎవరు? చేతిలో ఉన్నది ఒక సెల్‌ఫోను, అరువు తెచ్చిన మరో ఫోను. సైన్సు మాస్టారిని కనుక నన్నూ పిలిచారు. వాళ్లకు పాఠం చెబుదామని వెళ్లిన నేను ఒక పాఠం నేర్చుకొని వచ్చాను. అదేమిటో చివర చెబుతాను.

బొమ్మలు కదలవు!

తెర మీద బొమ్మ కదిలినట్లు కనిపిస్తుంది కాని, నిజానికి కదలదు. సినిమా అంటే వరుసగా తీసిన నిశ్చల చిత్రాలు. ఫిల్ము సినిమాలో సెకనుకు 24 చిత్రాలు. వీటినే ఫ్రేములంటారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు పడతాయి. అంటే ఒక్క నిమిషం సినిమాకు 90 అడుగుల ఫిల్ము కావాలి. లెక్క కట్టి చూడండి.

దృశ్యం కంటిలో కొంతసేపు నిలిచి ఉండడం వల్లనే కదలిక కనిపిస్తుందని వెనుక చెప్పేవారు. అది సగం మాటే. కొద్ది కొద్ది తేడాలున్న చిత్రాలు వెంటవెంటనే కనబడితే, నడుమ ఉన్న ఖాళీని మన మెదడే పూరించుకొని ‘కదిలింది’ అని తీర్మానిస్తుంది. మాక్స్ వెర్ట్‌హైమర్ అనే శాస్త్రజ్ఞుడు 1912లో ఈ సంగతి మీద తన ప్రయోగాలను ప్రకటించాడు. మెదడు ఖాళీలను పూరిస్తుందన్న మాట గుర్తుంచుకోండి. మళ్లీ దీనితో పని పడుతుంది.

ట్యూబులైటు చారలు

మొదటి రోజే చిక్కు వచ్చింది. ల్యాబులో పాత చోకు ఉన్న ట్యూబులైటు కింద మైక్రోస్కోపును దగ్గరగా తీశారు. చూస్తే బొమ్మ మీద నల్లని చారలు పాకుతున్నాయి! ఫోను చెడిపోయిందని అందరూ బిక్కమొహం వేశారు.

ఫోను తప్పేమీ లేదు. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ఒక్కో ఆవర్తనంలో విద్యుత్ ప్రవాహం రెండుసార్లు సున్నాకు వస్తుంది. కనుక ఆ దీపం సెకనుకు 100 సార్లు మసకబారి వెలుగుతుంది. మన కంటికి అది తెలియదు. సెల్‌ఫోను కెమెరా మాత్రం బొమ్మను ఒక్కసారిగా కాక, వరుస తరువాత వరుసగా చదువుతుంది. దీపం మసకబారినప్పుడు చదివిన వరుసలు నల్లగా, వెలిగినప్పుడు చదివినవి తెల్లగా వస్తాయి. అవే చారలు.

మందు ఏమిటి? సెకనుకు 25 ఫ్రేములు పెట్టి, ఒక్కో ఫ్రేముకు వెలుతురు సోకే కాలాన్ని సెకనులో 50వ వంతు చేశాం. ఆ కాలంలో దీపం సరిగ్గా రెండు మిణుకులు పూర్తి చేస్తుంది. ప్రతి వరుసకూ సమానమైన వెలుతురు అందింది. చారలు మాయం!

చప్పట్లు ఎందుకు?

రేవులో బండ మీద బట్టలు ఉతుకుతుంటే అవతలి గట్టు నుంచి చూశారా? దెబ్బ ముందు కనిపిస్తుంది, చప్పుడు తరువాత వినిపిస్తుంది. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. సెకనుకు 25 ఫ్రేములైతే, ఒక ఫ్రేము కాలంలో శబ్దం 13.6 మీటర్లే పోతుంది. 68 మీటర్ల దూరాన ఉన్న నటుడి మాట కెమెరాకు అయిదు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. పెదవులు ఒకటి చెబితే మాట ఇంకొకటిగా ఉంటుంది.

అందుకని రెండో ఫోనును నటుడి జేబులో పెట్టి మాటలు రికార్డు చేశాం. మరి బొమ్మనూ మాటనూ కలపడం ఎలా? నటుడు మొదట ఒక్క చప్పట్టు కొడతాడు. చేతులు కలిసిన ఫ్రేమును, శబ్దరేఖ దిగ్గున లేచిన చోటును ఒకచోట చేర్చితే మిగతాదంతా సరిపోతుంది. సినిమావాళ్లు క్లాప్ పలక కొట్టేది ఇందుకే.

కత్తెర మహిమ

సినిమా మన గోదావరి జిల్లాలకు కొత్త కాదు. రాజమహేంద్రవరంలో నిడమర్తి సూరయ్యగారు 1936లో దుర్గా సినీటోన్ స్టూడియో నెలకొల్పారు. ఆ ఊళ్లోనే పుట్టిన ఆదుర్తి సుబ్బారావుగారు బొంబాయిలో ఫోటోగ్రఫీ నేర్చుకొని, ఎడిటింగ్ పని చేసి, తరువాత దర్శకుడయ్యారు. ఆ రోజుల్లో ఎడిటింగంటే ఫిల్మును నిజంగా కత్తిరించి అతికించడమే. నేడు ఫోను మీద వేలితో చేస్తున్నాం. పద్ధతి మారింది కాని, సూత్రం అదే.

మా పిల్లలు లాకుల దగ్గర కొబ్బరిబొండాలు అమ్మే తాతను కూడా ఊరికే తీసి ఉంచారు. తాత కాలువలో పోతున్న పడవకేసి చూస్తున్నాడు, అంతే. ఎడిటింగులో ఒక అమ్మాయి ఆ మూడు సెకన్ల ముక్కను ఖాళీ అయిన మైక్రోస్కోపు పెట్టె బొమ్మ తరువాత అతికించింది. తాత చూపు ఒక్కసారిగా అనుమానాస్పదమైపోయింది! “భలే!” అని మెచ్చుకున్నాను నేనే.

స్కూల్లో ప్రదర్శించినప్పుడు ఆ ముక్క రాగానే హాలంతా “దొంగ! దొంగ!” అని అరిచారు. వెనుక వరుసలో తాత కూర్చొని ఉన్నాడు. కథ చివర మైక్రోస్కోపును బీరువాలో పెట్టి మరచిపోయింది సైన్సు మాస్టారేనని తేలుతుంది. కాని అప్పటికే తాత లేచి వెళ్లిపోయాడు. మర్నాడు కొందరు చిన్నపిల్లలు బొండాల దగ్గర ఆ కేకే వేశారట. మేము వెళితే ఆయన అన్నది ఒకటే మాట: “నేనారోజు చూసింది పడవనర్రా!”

ఇందులో ఉన్న సూత్రాన్ని సుమారు 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు పరీక్షించాడు. ఏ భావమూ లేని ఒకే ముఖాన్ని ఒకసారి ఆహారం బొమ్మ పక్కన, ఇంకొకసారి శవపేటిక బొమ్మ పక్కన చేర్చి చూపాడు. ఒకచోట ఆకలి, మరొకచోట దుఃఖం కనిపించాయని ప్రేక్షకులు అన్నారట. రెండు ఫ్రేముల నడుమ కదలికను పూరించినట్లే, రెండు దృశ్యాల నడుమ అర్థాన్ని కూడా మెదడే పూరిస్తుంది.

పిల్లలు ఆ 75 ఫ్రేములనూ తీసేశారు. తాతకు క్షమాపణ చెప్పి, ఆయన అనుమతితో అదే ముక్కను పడవ బొమ్మ తరువాత అతికించారు. రెండోసారి ప్రదర్శనలో ఎవరూ “దొంగ” అనలేదు. “తాత ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడు” అన్నారు! ముఖం మారలేదు, చూపు మారలేదు. మారింది పక్కనున్న బొమ్మ.

మీరూ చేసి చూడండి

మీ స్నేహితుణ్ణి అడిగి, ఏ భావమూ లేకుండా నిలబెట్టి అయిదు సెకన్లు తీయండి. దాని ముందు ఒకసారి వేడి పెసరట్టు, ఒకసారి తెగిన గాలిపటం బొమ్మ అతికించండి. ఒక్కోటి వేర్వేరు వాళ్లకు చూపి, ఆ ముఖంలో ఏం కనిపించిందో అడిగి నోటుపుస్తకంలో రాయండి.

ఇకమీదట ఎవరినైనా దొంగ అని, చెడ్డవాడని చూపే వీడియో మీ చేతికి వస్తే, ఇతరులకు పంపేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ముక్కకు ముందూ వెనుకా ఏముంది? ఏమో, ఆ మనిషి నిజంగా చూసింది పడవనే కావచ్చు!