చెవులతో నటింపజేయండి

తమిళనాడులోని కంబైనల్లూరులో ఉంటూ యానిమేటర్ కావాలనుకుంటే మొదటి క్లాసు పశువుల పాకలోనే. ధర్మపురి ప్రాంతపు సొంత జాతి ఆలంబాడి ఆవు దొరికితే మరీ మంచిది. ఈగ వాలితే ఒక్క చెవే విదిలిస్తుంది. కొత్త అలికిడైతే తరచూ చెవులు ముందు అటు తిరుగుతాయి, తల తర్వాత తిరుగుతుంది. ఆ తేడా ఎంతో ఫోన్‌లో వీడియో తీసి, ఫ్రేములు లెక్కపెట్టండి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు.

చెవికి రెండు పనులు. తల ఆగాక కూడా పొడవాటి చెవి కొస ఊగుతూ ఉండాలి. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలోని 12 సూత్రాల్లో ఇదొకటి. ఈ ఊపు కొత్తవాళ్లకు త్వరగానే పట్టుబడుతుంది. రెండోది నటన. భయమేస్తే చెవులు వెనక్కి అంటుకుపోతాయి, ఆసక్తి కలిగితే రిక్కించుకుంటాయి, దిగులేస్తే వాలిపోతాయి. చాలా డెమో రీళ్లు తేలిపోయేది ఇక్కడే: చెవులు చక్కగా ఊగుతాయి, బుర్రలో ఏముందో మాత్రం తెలియదు. 1941 నాటి ‘డంబో’లో ఏనుగు పిల్ల ఒక్క మాటా మాట్లాడదు. 2016 నాటి ‘జూటోపియా’లో కుందేలు పోలీసు జూడీ మనసు కుంగితే ముందు చెవులే చెబుతాయి.

సాధనకు డబ్బు అక్కర్లేదు. యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఉచితం. బ్లెండర్ సంస్థే 2008లో తీసిన ‘బిగ్ బక్ బన్నీ’లోని లావుపాటి కుందేలు ఫైళ్లు కూడా ఉచితమే. పాతవి కాబట్టి కొత్త వర్షన్‌లో కాస్త మొరాయించవచ్చు. పది సెకన్ల షాట్ చేసి, మొహం కనబడకుండా నల్లటి పట్టీ వేసి అమ్మకు చూపించండి. “పాపం, బెదిరిపోయింది” అని ఆమె అంటే పాసైనట్టే.

ప్లస్ టూ తర్వాత చెన్నై తరమణిలోని ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్, టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో యానిమేషన్ డిగ్రీ ఉంది. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. బయటి రాష్ట్రం వారికి సీట్ల నిబంధన ముందే కనుక్కోండి. రాజీవ్ చిలక 2001లో పెట్టిన యానిమేషన్ స్టూడియో గ్రీన్ గోల్డ్ కూడా హైదరాబాద్‌దే. 2008లో ‘ఛోటా భీమ్’ అక్కడినుంచే వచ్చింది. టీవీ సీరియళ్లలో గడువు తక్కువ, చెవి దగ్గర రెండ్రోజులు కూర్చోనివ్వరు. బొమ్మలేయడం కన్నా లెక్కలు ఇష్టమైతే రిగ్గింగ్ చూడండి: చెవిలో ఎముకల గొలుసు బిగించేది ఆ పని చేసేవాళ్లే.

ఉద్యోగానికి పంపే డెమో రీల్ నిమిషం దాటనివ్వకండి. మంచి షాట్ ముందు పెట్టండి. వాడిన రిగ్ మీది కాకపోతే, ఎవరిదో చివర్లో పేరు వేయండి.